క్లచ్ లేని కారు

మొన్న మా అమ్మాయి కారుకి గేరుబాక్సు పోయింది. వర్క్‌షాపువాళ్లు ముందురోజే బండిని లాగించుకుపోయారు. పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి తను బయల్దేరుతూ, ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు రమ్మని నన్నూ వెంటబెట్టుకుంది. వెళ్లి చూద్దును కదా, అది వర్క్‌షాపులా లేదు, పెళ్లివారి విడిదిలా ఉంది. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, మీట నొక్కితే కాఫీ పోసే పెట్టె. గదికీ షెడ్డుకీ మధ్య నిలువెత్తు అద్దం. అద్దం అవతల చేతులకి తొడుగులు వేసుకున్న కుర్రాళ్లు మాటా పలుకూ లేకుండా పని చేసుకుంటున్నారు. ఎవరి ముఖానా మసి లేదు, ఎవరి నోటా తిట్టు లేదు. ఇలా కూడా బండి బాగవుతుందా అని నాకు అనుమానం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చి, "ఆటోమేటిక్ గేరుబాక్సు కదా మేడమ్, లోపల మేం ఏదీ ముట్టుకోం. పాతది దించేసి మొత్తం కొత్తది ఎక్కించేస్తాం" అని మా అమ్మాయికి చెప్పాడు. నేను ఉండబట్టలేక, "ఎక్కించేముందు దేంతో తుడుస్తారు నాయనా?" అని అడిగాను. అతను నా వైపు కాకుండా మా అమ్మాయి వైపు చూశాడు. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. అయినా మర్యాద తెలిసిన పిల్లాడు, "దానికి వేరే గుడ్డ వస్తుందండీ, పీచు రాలనిది" అన్నాడు.

పీచు రాలని గుడ్డ! ఆ ఒక్క ముక్క తెలియక మా ఇంటిల్లిపాదీ ఒకప్పుడు ఎంత అవస్థ పడ్డామో తలుచుకుంటే ఆ చల్లటి గదిలోనే నవ్వొచ్చేసింది. తెలియక అనడం కూడా తప్పే. తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది, వంటింటి గుమ్మం వెనకాల. ఆ మనిషిని నేనే. తిరుగు దారిలో సంగతంతా చెబితే మా అమ్మాయి సగం నమ్మింది, సగం నమ్మలేదు. ఆ నమ్మని సగం కోసం ఇది రాస్తున్నాను.

మాది పొందూరు. మా అమ్మ చేత్తో నూలు వడికేది. పంతొమ్మిదో ఏట నన్ను నెల్లిమర్ల ఇచ్చారు. మా ఆయన అక్కడి జూట్ మిల్లులో ఫిట్టరు. వాళ్లదీ నారే, మనదీ నారే, పిల్లకి కొత్త ఉండదని మా అమ్మ సంబరపడింది. కొత్త ఎందుకు ఉండదు? పుట్టింట్లో దూది అంటే ఊపిరి తగిలితే లేచిపోయే సంగతి. అమ్మ దూది ఏకుతుంటే మేం దగ్గొచ్చినా అవతలికి తిరిగి దగ్గేవాళ్లం. అత్తింట్లో నార అంటే గోనెలు, పురికొసలు, మోకులు. మిల్లు నుంచి వచ్చిన మనిషి నెత్తిన, కనుబొమల మీద, చెవుల్లో గోధుమరంగు పీచు. దండెం మీద ఆరేసిన చీరకి పీచు, మజ్జిగ కుండ మీద పెట్టిన మూతకి పీచు. నారని మెత్తబరచడానికి మిల్లులో రాసే నూనె వాసన మనుషుల ఒంటికి పట్టేసి, ఎంత కుంకుడుకాయ రుద్దినా పోయేది కాదు. మొదటి నెల ఆ వాసనకి నాకు అన్నం సయించలేదు. రెండో నెల నుంచి, మా ఆయన వీధి మలుపులో ఉండగానే వాసన పట్టి, కూర మళ్లీ పొయ్యెక్కించడం నేర్చుకున్నాను.

ఆ ఇంట్లో గోడగడియారం ఒకటి ఉండేది గానీ దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. మిల్లు కూతే గడియారం. మొదటి కూతకి పొయ్యి రాజెయ్యాలి, రెండో కూతకి చోడి అంబలి, అదే రాగి అంబలి, గిన్నెల్లోకి పొయ్యాలి, పక్కన ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టాలి. మూడో కూత అయ్యాక ఇల్లంతా ఖాళీ. అప్పుడు మా అత్తగారు పైడమ్మ పెరటి గుమ్మంలో చతికిలబడి అడ్డపొగ పట్టించేది. చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని, ఒక పక్క నుంచి మాట్లాడుతూ, ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో నాకు పాఠం చెప్పేది. ఆవిడకి రాని విద్య లేదు, లేని అభిప్రాయం లేదు. నేనంటే ఇష్టమే. నా పెట్టెలో పొందూరు నుంచి తెచ్చుకున్న వాలుగ చేప దవడ ఎముక ఉండేది, మా ఊళ్లో దూదిని దువ్వి నలుసులు తియ్యడానికి అదే వాడతారు. అది చూసి ఆవిడ, "సేపని తినీసి ఎముక పెట్లో దాసుకునీదాన్ని నిన్నే సూసినానే" అని వారం రోజులు ఇరుగూ పొరుగూ అందరికీ చెప్పి నవ్వించింది.

మామగారి పేరు సూరన్న. డ్రైవరు. ఒకప్పుడు లారీ నడిపేవారట. లారీ బోల్తాపడి ఎడమ మోకాలు చితికింది. అతుక్కుంది గానీ మడత పడడం మానేసింది. క్లచ్ తొక్కలేని డ్రైవరుకి బండి ఎవరిస్తారు? రెండేళ్లు ఇంట్లోనే కూర్చున్నారు. ఆ రెండేళ్ల గురించి అత్తగారు ఎప్పుడూ పెద్దగా చెప్పేది కాదు, అన్ని విషయాలూ చెప్పే మనిషి. చివరికి కాలికి వైద్యం చేసిన విజయనగరం డాక్టరమ్మే దారి చూపించింది. ఆవిడ విదేశంలో చదువుకుని వస్తూ ఓడ మీద తెచ్చుకున్న కారు ఒకటుండేది, ఆకాశం రంగుది, మా వీధిలో సగం పట్టేంత వెడల్పు. దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతటవే పడతాయి. కుడికాలు ఒక్కటుంటే చాలు. ఆవిడకి కంటిచూపు తగ్గి సొంతంగా నడపలేకపోతున్న రోజులవి. "నాకు కళ్లు లేవు, నీకు కాలు లేదు, ఇద్దరం కలిసి ఒక డ్రైవరు" అందట. అప్పటి నుంచి ఆయన తెల్లవారకుండా లేచి, స్నానం చేసి, ఖాకీ చొక్కా ఇత్తడి గుండీలు ఊడదీసి, తోమి, మళ్లీ పెట్టుకుని, మొదటి బస్సుకి విజయనగరం వెళ్లేవారు. రోజూ పెళ్లికి వెళ్తున్నట్టే వెళ్లేవారు.

ఆయనకీ నాకూ మధ్య మాటల్లేవు. తగువేం కాదు, పద్ధతి అది. కోడలు మామగారి ఎదట నిలబడకూడదు, మాట్లాడకూడదు. ఆయనా పలకరించరు. అంబలి గిన్నె నేనే గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. ఆయన ఒక గుక్క తాగి, తలుపు వెనకున్న నాకు జానెడు దూరంలో కూర్చుని, పెరట్లో ఉన్న అత్తగారికి వినపడేలా, "ఒలే, కోడలికి సెప్పు, ఉప్పు సాల్నేదని" అనేవారు. ఆవిడ అక్కడి నుంచి, "ఇన్నావా, ఉప్పు సాల్నేదంట" అనేది. "వేస్తన్నానని సెప్పండత్తా" అని నేను. "వేస్తన్నాదంట" అని ఆవిడ. ఈలోగా ఉప్పు గిన్నెలో పడిపోయి కరిగి కూడా పోయేది. ఏడాది పాటు మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా ఇదే. నన్ను పిలవాలన్నా "పొందూరు పిల్ల" అనేవారు, అదీ నాతో కాదు.

ఇలా ఉండగా ఒక రోజు ఆ కారు గేరుబాక్సు పోయింది. ఇంజిను మోగుతుంది, బండి కదలదు. విజయనగరంలో ఉన్న మెకానిక్కులందరూ వచ్చి, కిందికి వంగి చూసి, ఇది మాకు తెలిసిన సరుకు కాదని వెళ్లిపోయారు. డాక్టరమ్మ మనసున్న మనిషే గానీ ఆసుపత్రికి వెళ్లకుండా ఉండలేదు. "సూరన్నా, ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ కాకపోతే దీన్ని తుక్కువాడికి ఇచ్చేసి మామూలు బండి కొనుక్కుంటాను. ఏమనుకోకు" అంది. ఆయన ఇంటికొచ్చి, చొక్కా విప్పి, గుండీలు తియ్యకుండానే మడత పెట్టి, "మామూలు బండంట" అన్నారు అత్తగారితో. మామూలు బండికి క్లచ్ ఉంటుంది. ఆ సాయంత్రం అత్తగారు చుట్ట ముట్టించుకోవడం మర్చిపోయింది.

మా ఆయన అంత తేలిగ్గా వదిలే రకం కాదు. విశాఖపట్నం పాతసామాన్ల వీధిలో రెండు రోజులు తిరిగి, అదే రకం కారు గుద్దుకుని తుక్కైపోయినది పట్టుకున్నాడు. దాని గేరుబాక్సు బాగానే ఉందన్నారు. డాక్టరమ్మ డబ్బిచ్చి కొనిపించేసింది. బిగించేవాళ్లే లేరు. "మన పెరట్లోనే బిగిద్దాం నాన్నా. మిల్లులో మిషన్లకి గేర్లు నేవేటి? రోజూ ఇప్పి బిగించీవోళ్లమే కదా" అన్నాడు మా ఆయన. "మిల్లు గేరూ కారు గేరూ ఒకటేట్రా?" అని మామగారు విసుక్కున్నారు గానీ మర్నాడే కారుని ఎడ్లకి కట్టి నెల్లిమర్ల లాక్కొచ్చారు. స్టీరింగు దగ్గర ఆయన, ముందు ఎడ్లు, వెనక ఊరు. గేరుబాక్సు మాత్రం లారీ మీద గోనెపట్టాల్లో చుట్టి వచ్చింది. దాన్ని దించడానికి నలుగురు కావలసి వచ్చారు. అత్తగారు ఎదురెళ్లి, దాని నెత్తిన పసుపు రాసి, పైడితల్లి అమ్మవారి కుంకం బొట్టు పెట్టి మరీ లోపలికి రానిచ్చింది.

కారుని ఎత్తే సాధనం ఏదీ మా దగ్గర లేదు కాబట్టి భూమినే దించారు. మా ఆయనా, ఆయన తోటి ఫిట్టరు సింహాచలమూ కలిసి పెరట్లో నడుంలోతు గొయ్యి తవ్వి, దాని మీద దూలాలు పరిచి, కారుని వాటి మీదికి తోశారు. ఇద్దరూ గోతిలో, మామగారు గట్టున ముక్కాలిపీట మీద. డాక్టరమ్మ బండి పుస్తకం చదివి తెలుగులో చెబితే ఆయన మొత్తం కంఠతా పట్టి వచ్చారు. అరుగు మీద సుద్దతో గేరుబాక్సు బొమ్మ గీయించి, విప్పిన ప్రతి బోల్టునీ ఏ చోటిది ఆ చోటున బొమ్మ మీద పెట్టించేవారు. ఆ నాలుగు రోజులూ అరుగు ఊడవడానికి నాకు అనుమతి లేదు. "ఒలే, కోడలికి సెప్పు, సీపురు అటేపు రాకూడదని" అని పూటకొకసారి కబురు. పాత గేరుబాక్సులోంచి నూనె వదిలితే అది ఎర్రగా కారింది. అత్తగారు గుండె మీద చెయ్యేసుకుని, "ఓలమ్మో, దీనికి పేనమున్నట్టున్నాది" అంది. "నీ సుట్ట అటు పట్టుకెళ్లు, అందరికీ పేనం పోతాది" అని మామగారు అరిచారు. ఆవిడ అడ్డపొగకి వీధి అరుగు మీద మకాం ఏర్పాటైంది అప్పుడే.

పుస్తకంలో ఒక మాట ఉందట, లోపలి భాగాలు శుభ్రమైన దాంతోనే తుడవాలని. మామగారు ఆ మాట పదిసార్లు చెప్పారు. సింహాచలం మర్నాడు మిల్లు నుంచి జనపనార తుక్కు ఒక మోపు తెచ్చాడు. కొత్త నార, మెరిసిపోతోంది, ఎక్కడా మట్టి అంటలేదు. మిల్లులో వాళ్లు చేతులూ మిషన్లూ దాంతోనే తుడుస్తారు. వాళ్లకి దాన్ని మించిన శుభ్రమైన వస్తువు లోకంలో లేదు. తెచ్చిన గేరుబాక్సు అడుగు పళ్లెం విప్పి, లోపలంతా దాంతో ఇంచక్కా తుడిచాడు. మూలమూలలా, వేలు పట్టని చోట పుల్లకి చుట్టి మరీ తుడిచాడు. నేను వంటింటి గుమ్మం వెనక నుంచి చూస్తున్నాను. తుడిచిన చోటల్లా పీచు అంటుకుని ఉండడం నాకు అంత దూరం నుంచి కనపడుతోంది. నాకు అది తప్ప ఇంకేం కనపడలేదనుకోండి, పుట్టినప్పటి నుంచి నూగూ నలుసూ ఏరిన కళ్లు. అత్తగారి దగ్గరికి వెళ్లి, "అత్తా, ఆ పీచుతో తుడవొద్దని సెప్పండి. లోపలుండిపోతాది, నూనెలో తిరుగుతాది" అన్నాను. ఆవిడ నవ్వింది. "పిచ్చి గుంటా, ఈ ఇంట్లో పీచు తినీ పీచు పీల్చీ ఇన్నాళ్లూ బతికినాం. ఇనపపెట్టికేటవుతాది? మొగోళ్ల పని, మనకెందుకే" అంది. నేను రెండోసారి చెప్పలేదు. మామగారికి పది అడుగుల దూరంలో ఉన్నాను, గట్టిగా ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఆ తప్పులో నా వాటా నాకుంది.

గేరుబాక్సుని మోకులతో పైకి లాగి, దాని ముందుండే, ఇంజిను బలాన్ని నూనెతో గేర్లకి అందించే గుమ్మడికాయంత ఇనపడబ్బాని మెల్లిగా తిప్పుతూ తోసి, అది లోపల కూర్చుందని తెలిసేదాకా బోల్టు ముట్టుకోనివ్వలేదు మామగారు. నాలుగో రోజు పొద్దున్నే ఎర్ర నూనె పోసి బండి తీశారు. వీధి వీధంతా వాకిళ్లలో నిలబడింది. ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, ఎడమకాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, గేరు కర్ర లాగారు. కారు కదిలింది! సింహాచలం ఈల వేశాడు. అత్తగారు కొబ్బరికాయ కొట్టింది. వీధి చివరిదాకా వెళ్లిన కారు మలుపు దగ్గర ఆగిపోయింది. ఇంజిను గోల పెడుతోంది, చక్రం తిరగడం లేదు. కాసేపు ఆపి చూస్తే మళ్లీ నాలుగు బారలు నడిచింది, మళ్లీ ఆగింది. ఇలా ముక్కుతూ మూలుగుతూ, ఆఖరికి అందరూ తోస్తే ఇల్లు చేరింది. వీధి తలుపులన్నీ మర్యాదగా మూసుకున్నాయి. నెలాఖరు సోమవారం, తుక్కువాడు వచ్చేది ఆ రోజే. ఆ రోజు శుక్రవారం.

మామగారు లోపలికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు. అంబలి గిన్నె అలాగే ఉండిపోయింది. ఉప్పు చాల్లేదన్న మాట కూడా రాలేదు. "ఆ రెండేళ్లూ ఇలగే తొంగున్నాడే" అంది అత్తగారు, వంటింట్లో నా పక్కన కూర్చుని, చెంగు నోట్లో కుక్కుకుని. ఆవిడ ఏడవడం నేను చూడడం అదే మొదలు. నాకు భయం వేసింది. చేతిలో పని ఉంటే నయమని చింతపండు పులుసు గుడ్డలో వడకట్టడం మొదలుపెట్టాను. నాలుగు బొట్లు కారింది, పిప్పి అడ్డం పడి ఆగింది. గుడ్డ విదిలించాను, మళ్లీ కారింది, మళ్లీ ఆగింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ పళ్లెం విప్పినప్పుడు లోపల నూనె వడకట్టే ఇత్తడి తీగ జల్లెడ ఒకటి నేను చూశాను. కాసేపు ఆగితే నడుస్తోంది, మళ్లీ ఆగిపోతోంది అంటే జల్లెడ పూడిపోయి గేర్లకి నూనె అందడం లేదని కాక ఇంకేమిటి?

పులుసు చెయ్యి కడుక్కోకుండానే వెళ్లి నడవాలో నిలబడ్డాను. తలుపు వెనక కాదు, ఎదురుగా. "మావా, అడుగునున్న ఆ జల్లెడ ఒకసారి ఇప్పించి సూడండి. తుడిసిన పీచంతా దానికే సుట్టుకుని ఉంటాది" అన్నాను. మా ఆయన నన్ను చూసి మామగారిని చూశాడు. మామగారు గోడ వైపు నుంచి తిరగలేదు. "ఏటంతందే?" అన్నారు అత్తగారితో. ఆవిడ ముక్కు చీది, చెంగు దోపుకుని, "నీకు సెవులు నేవేటి? నిన్నే అడుగుతంది, నువ్వే సెప్పు" అంది. నా కాపురం మొదలైనప్పటి నుంచీ మా మధ్య కబుర్లు మోసిన మనిషి ఆ పూట ఉద్యోగం మానేసింది. ఆయన లేచి కూర్చున్నారు. కర్ర అందుకుని, "ఒరే, బేగి పళ్లెం ఇప్పండ్రా" అని కొడుకు మీద కేకేశారు.

జల్లెడ బయటికొచ్చింది. దాని మీద వేలెడు మందాన గోధుమరంగు పీచు, కంబళి నేసినట్టు. సింహాచలం దాన్ని చూసి గోతిలోనే కూలబడ్డాడు. "ఓర్నాయనో, ఇది నా సేతి పనే బావా. అంత సుబ్బరంగా తుడిసినాను" అన్నాడు. పైన ఉన్న పొర చేత్తో వచ్చేసింది గానీ సన్నపీచు తీగల మధ్య ఇరుక్కుపోయింది. కుంచెతో రుద్దితే ఇంకా లోపలికి దిగుతోంది. కిరసనాయిల్లో నానబెట్టినా వదల్లేదు. నేను వెళ్లి పెట్టె తీసి వాలుగ దవడ పట్టుకొచ్చాను. సూదికొనల్లాంటి పళ్లు, వరసగా, ఒత్తుగా. గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వినట్టే, తీగ వాలుకి మెల్లిగా దువ్వుతుంటే పీచు పాయలు పాయలుగా లేచి వచ్చింది. ముగ్గురు మగవాళ్లూ చుట్టూ కూర్చుని, ఊపిరి బిగబట్టి చూశారు. దగ్గొస్తే సింహాచలం అవతలికి తిరిగి దగ్గాడు. అత్తగారు పొరుగావిడ దగ్గరికి పరుగెత్తి, "సేప ఎముకంటే నవ్వినావు కదే, వచ్చి సూడు" అని చెప్పి వచ్చింది. మొదట నవ్వింది తనేనని ఆవిడకి గుర్తు లేదు.

ఇక లోపల మళ్లీ తుడవాలి, దించిన నూనె వడకట్టాలి. ఏ గుడ్డతో? అట్లపెనం బోర్లించి, దాని నల్లటి వీపు మీద ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఒక్కొక్కటీ రుద్ది చూశాను. పెనం మీద ఒక్క నూగు తెల్లగా కనపడినా అది పనికిరాదు. తువ్వాళ్లు పోయాయి, లుంగీలు పోయాయి, సింహాచలం మెడలో రుమాలు కూడా పోయింది. మామగారు కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్లి, పెళ్లిలో మా నాన్న పెట్టిన పొందూరు పంచె తెచ్చారు. మడత విప్పని కొత్త పంచె. నా వైపు చూడకుండా, పంచెతో చెప్పినట్టు, "ఇది పనికొస్తాదా?" అన్నారు. నాతో ఆయన అన్న మొదటి మాట అది. "కొత్తది వద్దు మావా. కొత్తదానికి నూగుంటాది. ఉతికి ఉతికి అరిగిపోయినదే కావాల" అన్నాను. ఆయన నిలబడి ఆలోచించి, తను కట్టుకున్న పంచె చూసుకుని, సిగ్గుపడి, లోపలికి వెళ్లి కొత్త పంచె కట్టుకుని పాతది తెచ్చి ఇచ్చారు. అది నాలుగు ముక్కలైంది. పెనం మీద రుద్దితే ఏమీ రాలలేదు. ఆదివారం మధ్యాహ్నానికి బండి మళ్లీ తీశారు. ఈసారి వీధిలో ఎవరూ నిలబడలేదు. కారు మలుపు దాటింది, మిల్లు గేటు దాటింది, కనపడకుండా పోయింది. తిరిగి ఎంతకీ రాలేదు. అత్తగారు నా చెయ్యి నొక్కి పట్టుకుంది. చంపావతి ఏటి వంతెన దాకా వెళ్లి, అక్కడ బండి ఆపి, గట్టు మీద కాసేపు ఊరికే కూర్చుని వచ్చానని తర్వాత చెప్పారు.

ఇప్పుడు అద్దాల గది చూసొచ్చాక, అప్పటి పనే మంచి పని అని నేను అనను. గొయ్యి తవ్వి, మోకులు కట్టి, నెత్తి మీద మణుగుల బరువు వేలాడదీసుకుని చేసిన పని అది. ఎవరి చెయ్యి పోయినా పోయేది. ఇప్పటి కుర్రాళ్లు క్షేమంగా చేసి, చెప్పిన రోజుకి ఇస్తున్నారు. సంతోషమే. ఆటోమేటిక్ బండి కూడా ఇప్పుడు ఇంటింటికీ ఉంది, కాలు బాగున్నవాళ్లే సుఖానికి నడుపుతున్నారు. కాకపోతే మా అమ్మాయికి తన కారులో ఏముందో తెలియదు, తెలుసుకోవలసిన పని లేదు. మాకు మా ఇంటి తిండి ఆ ఇనపపెట్టెలో తిరిగే నూనె మీద ఆధారపడి ఉందని అందరికీ తెలుసు, చుట్ట కాల్చే అత్తగారితో సహా. ఇంకో తేడా కూడా ఉంది. మా అమ్మాయి అత్తారింట్లో అందరి ముందూ కూర్చుని, మామగారితోనే వాదించి, ఆయన చేతనే కాఫీ పెట్టిస్తుంది. చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. అప్పటివన్నీ బంగారు రోజులని ఎవరైనా అంటే, గుమ్మం వెనక ఏడాది నిలబడి చూడమంటాను.

సరే, ఆ సోమవారం పొద్దున్నే మామగారు కారు తుడిచి, గుండీలు తోమి, "డాక్టరమ్మకి బండి ఒప్పగించాల. అందరూ ఎక్కండి" అన్నారు. ముందు సీట్లో మా ఆయన, వెనక అత్తగారూ నేనూ. అత్తగారు విజయనగరం దాకా చుట్ట ఊసెత్తకుండా, నోరు తెరవకుండా, రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ ఇంటి ముందు తుక్కువాడి లారీ అప్పటికే నిలబడి ఉంది. మామగారు దాని పక్కనే మెల్లిగా కారు ఆపారు. డాక్టరమ్మ చప్పుడు విని మెట్ల మీదికి వచ్చింది. చూపు ఆనని మనిషి, ముందు చెవితోనే చూసింది. దగ్గరికొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, వెనక సీట్లో కూర్చుని, "ఊరంతా తిప్పు" అంది. మేం దిగి అరుగు మీద కూర్చున్నాం. వాళ్లు తిరిగొచ్చేసరికి తుక్కువాడు వెళ్లిపోయాడు, ఎవరూ పొమ్మనకుండానే.

"ఎవరు చేశారు సూరన్నా ఇది?" అంది డాక్టరమ్మ కారు దిగుతూ. "మీ అబ్బాయేనా?" మా ఆయన ముందుకి కదిలాడు. మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఎడమకాలు ఈడ్చుకుంటూ రెండడుగులు నా వైపు వచ్చి నిలబడ్డారు. "బిగించింది మావోడూ ఆడి నేస్తమేనండి. బిగించింది నడవనేదు. నడిపించింది మా కోడలండి. ముందే సెప్పిందంట, మా సెవికి ఎక్కనేదు" అన్నారు. తర్వాత ఒక్క క్షణం ఆగారు, నోరు తిరగనట్టు. "సత్యవతండి. మా సత్యవతి." ఏడాదిగా ఆ ఇంట్లో ఉన్నాను. ఆయనకి నా పేరు తెలుసని నాకు తెలియదు. తల వంచుకున్నాను, కళ్లనీళ్లు ఆగలేదు.

డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి, ముఖంలో ముఖం పెట్టి చూసి, భుజం తట్టింది. "సరే సూరన్నా, రేపు ఏడింటికి ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యం చెయ్యకు" అని లోపలికి వెళ్లిపోయింది.

మామగారు కారు తలుపు వేసి వచ్చారు. అత్తగారు పక్కనే ఉంది. ఆవిడ వైపు తిరగలేదు. నా వైపే తిరిగి, "ఇన్నావా అమ్మా? రేపు ఏడుకి రమ్మంతన్నారు" అన్నారు.

"ఇన్నాను మావా" అన్నాను.